చాయ్‌కి ఒక సర్వ

వానలు పట్టుకున్నాయంటే ఉట్నూర్ మీదుగా పోయే బండ్లు పెరుగుతాయి. కొందరిది నేరడిగొండ వైపు కుంటాల దారి, కొందరిది లింగాపూర్ మండలంలోని మిట్టె జలపాతం దారి. కుంటాలకు మెట్లున్నాయి. మిట్టెకు మాత్రం బురద తొక్కుకుంటూ నడవాల్సిందే. పొద్దున పోయి పొద్దుగూకేలోపు తిరిగొచ్చే ఈ నడకలకు తయారయ్యే కుర్రకారు వీపు సంచుల్లో ఈమధ్య కొత్త సామాను కనిపిస్తోంది. మడత పిడుల గిన్నెలు, వాటిలోనే ఒదిగే పెనం, పిడికిట్లో ఇమిడే గ్యాస్ పొయ్యి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. ధర వింటే మాత్రం నెలజీతం మీద బతికేవాడికి గుండె గుభేలుమంటుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. మన ఊళ్లలో గిన్నెల దుకాణానికి పోతే సిల్వర్ సామాను కాంటా మీద పెట్టి అమ్ముతారు. బరువు తగ్గితే ధరా తగ్గుతుంది. ట్రెక్కింగ్ సామాను అమ్మే చోట లెక్క తిరగబడుతుంది. గిన్నె తేలికైన కొద్దీ ధర ఎక్కుతుంది, టైటానియం అన్నారంటే ఇక బేరమే లేదు. నిజానికి ఘన సెంటీమీటరు టైటానియం నాలుగున్నర గ్రాములు తూగితే మన సిల్వర్, అంటే అల్యూమినియం, 2.7 గ్రాములే తూగుతుంది. టైటానియానికి బలమెక్కువ కాబట్టి రేకును బాగా పలచగా కొట్టగలరు, గిన్నె తేలికయ్యేది అందువల్ల. వేడిని పరచడంలో అల్యూమినియం దానికంటే దాదాపు పది రెట్లు మెరుగు, స్టీలు కంటే సుమారు పదిహేను రెట్లు. ఖరీదైన ఆ పలచటి గిన్నెలో నీళ్లు కాచుకోవచ్చు. ఉప్మా కలిపితే మాత్రం మంట తగిలిన చోట మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. వంటకు పనికొచ్చేది చౌకదే కావడం జేబుకు మంచి కబురు.

అసలు ఒక్క పూట నడకలో వంట ఎందుకన్నది ముందు అడగాల్సిన మాట. గ్లాసెడు బియ్యం ఉడకడానికి రెండు గ్లాసుల పైచిలుకు నీళ్లు కావాలి, గిన్నె కడగడానికి ఇంకొన్ని. లీటరు నీళ్లంటే కిలో బరువు. గిన్నెలో వంద గ్రాములు తగ్గించడానికి వేలు పోసినవాడు, అందులో వండటానికి రెండు కిలోల నీళ్లు వీపున మోస్తాడు! జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం, నాలుగు ఉల్లిగడ్డలు గుడ్డలో మూట కడితే పొయ్యి ఊసే లేదు. నంజుకోను పల్లి చట్నీ ఉంటే సరి. తీపి కావాలంటే ఉట్నూర్ ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలున్నాయి. సంచి అడుగున పడి నలిగినా వాటి రుచి ఎక్కడికీ పోదు. మోదుగాకు విస్తరిలో తింటే కడిగే పనీ లేదు.

దూరం నడవడం ఈ నేలకు కొత్తేం కాదు. ఏటా పుష్య మాసంలో నాగోబా జాతరకు ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి చెప్పుల్లేకుండా బయలుదేరి, దారి ఊళ్లలో బస చేస్తూ జన్నారం మండలంలోని హస్తినమడుగుకు పోయి గోదావరి జలం తెస్తారు. అంత దూరం వాళ్లు కళ్లకద్దుకుని మోసేది ఒక్క ఝారి. పూజకు కావాల్సిన మట్టి కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర తయారవుతాయి. కేస్లాపూర్ చేరాక వంటకు ఉన్నవి 22 పొయ్యిలే. ఎన్ని కుటుంబాలు వచ్చినా వాటి మీదే వంతులవారీగా వండుకుంటారు. గిన్నె పొయ్యిని అంటిపెట్టుకుని ఉంటుంది, నడిచేవాడి వీపును కాదు. చేలకు పోయేవాళ్లు ఎండిన ఆనపకాయ బుర్రలో అంబలి పోసుకుని పోయే అలవాటు కూడా ఇలాంటిదే. దానికంటే తేలికైన పాత్రను ఏ కంపెనీ ఇంకా చేసినట్టు లేదు.

అడవిలో మూడు రాళ్లు పేర్చి కట్టెలు ముట్టించే సరదా వేరే చిక్కు. ఇక్కడి కవ్వాల్ అడవి 2012 నుంచి పులుల అభయారణ్యం. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. వానల్లో కట్టె తడిసి పొగే తప్ప మంట రాదు. ఎండల్లో రాలిన టేకాకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఆపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి పొయ్యి వెలిగించాలనుకుంటే అడవి దాటాక, అనుమతి ఉన్న చోట, చిన్న గ్యాస్ పొయ్యే గతి. గ్యాస్ డబ్బా పక్కన ఉండే రకం పొయ్యి మీద డబ్బా పైదాకా వచ్చే వెడల్పాటి గిన్నె పెట్టకూడదు. కిందికి తన్నే వేడికి డబ్బా కాగుతుంది.

ఇంత చెప్పినా చాయ్ దగ్గర మనసు ఒప్పుకోదు. తడిసి ముద్దయి బండ మీద కూర్చున్నవాడికి ఫ్లాస్కులో చాయ్ చాలంటే ఒప్పుకునేవాళ్లు తక్కువే. ఒక సర్వ చాలు. ముగ్గురికి సరిపడా, ముప్పావు లీటరు పట్టేది. కొనేటప్పుడు అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. లోపలికి సొట్ట పోతే పక్కన పెట్టేయాలి. అంచు చుట్టి ఉందా అని వేలితో తడమాలి, అంచు చుట్టని గిన్నె సంచిలో వంకరపోతుంది, వేలినీ కోస్తుంది. మూత బిగుతుగా ఉండాలి. మూత పెడితే నీళ్లు తొందరగా మరుగుతాయి, గ్యాసూ మిగులుతుంది. పిడి అక్కర్లేదు, ఇంట్లో పట్కారు ఉంది. సర్వ కడుపులో రెండు గ్లాసులు, చాయ్‌పత్త, చక్కెర పొట్లం, అగ్గిపెట్టె సర్ది మూత మీదుగా ఒక గుడ్డ బిగిస్తే చప్పుడు కూడా చేయదు. స్వీడన్‌కు చెందిన ట్రాంజియా కంపెనీ 1951 నుంచి పొయ్యి, గిన్నెలు ఒకదాంట్లో ఒకటి ఇమిడే వంటసామాను అమ్ముతోంది. ఆ కిటుకు మన టిఫిన్ క్యారేజీ సర్దే అమ్మలకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

పులిహోర కట్టుకుపోయేవాళ్లు మాత్రం సిల్వర్ జోలికి పోకుండా స్టీలు డబ్బా పట్టుకోవాలి. చింతపండు పులుపు గంటల తరబడి నిలవుంటే సిల్వర్‌ను తింటుంది, ఆ లోహపు రుచి అన్నానికి పడుతుంది.