ఆమె వ్యాను, నా లాప్‌టాపు

మా ఇంట్లో ఈ మధ్య ఒక రిలీజ్ ప్లానింగు నడుస్తోంది. రిక్వైర్‌మెంట్సు ఇచ్చేవాళ్ళు బోలెడుమంది. పని చేయాల్సింది మాత్రం ఒక్కరే, మా ఆవిడ.

తను నర్సు. నంద్యాల నుంచి బయల్దేరే ఒక సంచార వైద్య వాహనంలో పనిచేస్తుంది. పొద్దున్నే బయల్దేరి, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, బీపీలూ షుగర్లూ చూసి, గర్భిణుల బరువులు రాసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఏడాదికోసారి రెన్యూ చేసే కాంట్రాక్టు. నేనేమో హైదరాబాదులో కోడు రాసుకుంటూ, శుక్రవారం రాత్రి నంద్యాల బస్సెక్కే బాపతు. పెళ్ళయి మూడేళ్ళయింది, ఇక పిల్లల సంగతి ఆలోచిద్దాం అనుకున్నాం.

మొన్న ఆళ్ళగడ్డలో మా పెద్దమ్మ ఇంటికెళ్తే, "కోడల్ని ఆ బండి మాన్పించు నాయనా, గుంతల్లో ఎగిరెగిరి పడతాంటే కడుపు నిలుస్తాదా?" అంది. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. తిరిగొచ్చేటప్పుడు ఆ నలభై కిలోమీటర్లూ మా ఆవిడ నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక, "నా ఉద్యోగం సంగతి మీరిద్దరే తేల్చేశారా?" అంది.

సిగ్గేసింది. సిగ్గేస్తే మనలాంటివాళ్ళం చేసే పనే చేశాను. కూర్చుని చదివాను.

ముందు గుంతల సంగతి. తొలి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాల్లో దాదాపు సగానికి క్రోమోజోముల లోపమే కారణమట. మామూలు ప్రయాణంతో కడుపు పోతుందనేది మన భయమే. అలాగని జాగ్రత్తలు అక్కర్లేదని కాదు. నర్సులకు అసలు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: బరువులెత్తడం, సూదులు గుచ్చుకోవడం, అంటువ్యాధులు, రాత్రి షిఫ్టులు. హెపటైటిస్ బి టీకా అయిందా, రుబెల్లా టీకా అయిందా చూసుకోవాలి. రుబెల్లా టీకా వేయించుకుంటే కనీసం ఒక నెల ఆగాలి. ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టాలి. ఇవన్నీ మా ఆవిడకు నాకంటే బాగా తెలుసు, రోజూ పదిమందికి చెప్తుంది కాబట్టి.

అందరూ సులువని చెప్పే రెండో దారి, నంద్యాలలోనే ఏదో ఆసుపత్రిలో చేరడం. తిరుగుడు ఉండదు, నిజమే. కానీ నైట్ డ్యూటీలుంటాయి. వ్యాను సాయంత్రానికి ఇంటికి చేరుస్తుంది. ఏది కష్టమో పెద్దమ్మ కాదు, చేసే మనిషి చెప్పాలి.

ఇక చట్టం. ప్రసూతి ప్రయోజన చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ అంతే ఉంచారు. కాకపోతే ఒక మెలిక ఉంది. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ యజమాని దగ్గర కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. అంటే "ముందే మాన్పించు" అనే సలహా వింటే ఆ 26 వారాల జీతం మన చేతులారా వదులుకున్నట్టే. ఉద్యోగం మారాలన్నా ఆ 80 రోజుల లెక్క చూసుకునే మారాలి.

మరి కాంట్రాక్టు వాళ్ళకో? ఢిల్లీలో కవితా యాదవ్ అనే డాక్టరు కేసుంది. ఆవిడా కాంట్రాక్టు మీదే పనిచేసేది. సెలవు పూర్తికాకముందే కాంట్రాక్టు గడువు అయిపోయింది. గడువు ముగిసినా 26 వారాల ప్రయోజనం మొత్తం ఇవ్వాల్సిందేనని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇది చూపిస్తే మా ఆవిడ రెండుసార్లు చదివి ప్రింటు తీసిపెట్టమంది.

ఇంతా చదివాక నాకు అర్థమైంది ఇంకొకటి. ఇందులో నా గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజులు సెలవిస్తారు. ప్రైవేటు వాళ్ళకు అలాంటి చట్టమే లేదు, కంపెనీ దయ. చట్టం అడగదు, పెద్దమ్మా అడగదు. "నువ్వెప్పుడు మానేస్తావు?" అని నన్నెవరూ అనలేదు.

మా ఆవిడ మాత్రం అడిగింది. "నీ లాప్‌టాపు నంద్యాలలోనూ తెరుచుకుంటుంది. నా వ్యాను హైదరాబాదు రాదు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. రోడ్డు మీద తిరిగేది తన ఉద్యోగం అనుకున్నాం గానీ, ఎక్కడికైనా కదలగలిగింది నాది. సోమవారం మేనేజరుకు మెయిలు పెట్టాను, ఇంటి నుంచి పనిచేస్తానని. హైకు మీద ప్రభావం పడుతుందేమో, ఆన్‌సైటు ఛాన్సు పోతుందేమో అని గుబులుగానే ఉంది. ఆ గుబులు మా ఆవిడ మూడేళ్ళుగా పడుతోందని తెలియడానికే నాకింత కాలం పట్టింది.

మీలో ఎవరింట్లోనైనా ఇదే చర్చ నడుస్తుంటే, ఆవిడ ఉద్యోగం లెక్కలు తీసేముందు ఒకసారి మీ ఉద్యోగాన్ని త్రాసులో పెట్టి చూడండి. తేలికగా లేచేది ఏదో తెలుస్తుంది.

మెయిలుకు జవాబు ఇంకా రాలేదు. పెద్దమ్మకు ఎలా చెప్పాలో కూడా ఇంకా తేల్చుకోలేదు.