వెబ్‌సైటుకు మార్కులు

2000వ సంవత్సరం డిసెంబరు నెలలో గూగుల్ సంస్థ టూల్‌బార్ అనే చిన్న ఉపకరణాన్ని ఉచితంగా అందించింది. అది బ్రౌజరు పైభాగాన ఒక పట్టీలా అమరి ఉండేది. ఆ పట్టీలో ఒక చిన్న గడి. ఏ వెబ్‌సైటును తెరిచినా ఆ గడిలో ఆకుపచ్చని గీత కొంతమేర నిండేది. దానిపై మౌసును నిలిపితే సున్న మొదలు పది వరకు ఏదో ఒక అంకె కనిపించేది. ఆ అంకె పేరు పేజ్‌ర్యాంక్. జవాబుపత్రంపై ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో వేసే మార్కుకూ దీనికీ రంగులో తప్ప భేదం లేదనిపించేది. కొన్నేళ్లపాటు ఎందరో వెబ్‌సైటు యజమానులకు కంటిమీద కునుకు లేకుండా చేసింది ఆ గీతే. ఇంతకీ ఆ మార్కు వారికి నిజంగా అంత అవసరమైనదేనా?

మార్కు వెనుక ఉన్న ఆలోచన మాత్రం సామాన్యమైనది కాదు. మొదటితరం శోధన యంత్రాలు ప్రధానంగా పేజీలోని మాటలను చూసేవి. ఒక మాట ఎన్నిసార్లు కనిపిస్తే ఆ పేజీ ఆ విషయానికి అంత తగినదని భావించేవి. ఈ గుట్టు తెలిసిన గడుసువారు ఒకే మాటను వందసార్లు రాసి, తెల్లని పేజీపై తెల్లని అక్షరాలతో దాచేవారు. మనిషికి కనిపించనిది యంత్రానికి కనిపించేది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు దీనికి 1998లో ప్రకటించిన విరుగుడే పేజ్‌ర్యాంక్. పేజీ గొప్పతనాన్ని ఆ పేజీనే అడగక, ఇతర పేజీలను అడగాలన్నది అందులోని సూత్రం. ఒక పేజీ మరొక పేజీకి లింకు ఇచ్చిందంటే దానిని సిఫారసు చేసినట్లే. అయితే సిఫారసులన్నీ సమానం కావు. ఊరిలో పదిమంది మాటకంటే పెద్దమనిషి ఒక్కని మాటకు విలువ ఎక్కువ. ఆ పెద్దమనిషే అడిగినవారికల్లా సిఫారసు చీటీలు రాసి ఇస్తూ పోతే ఒక్కొక్క చీటీ విలువ పలుచబడుతుంది. ఈ లోకజ్ఞానాన్నే వారిద్దరూ గణితంగా మలిచారు. పరిశోధన పత్రాల విలువను వాటిని ఉదహరించిన ఇతర పత్రాలనుబట్టి అంచనా వేసే సంప్రదాయం పండితలోకంలో అంతకు ముందే ఉంది. దానిని అంతర్జాలానికి అన్వయించి, ఆ మహాజాలం మొత్తానికి లెక్క కట్టడంలోనే వారి ప్రతిభ ఉంది.

ఈ పద్ధతిలో ఒక పరిమితి ఉంది. యజమానులలో అధికులు దానిని గమనించలేదు. పేజ్‌ర్యాంక్ పేజీకి చెందినదే గాని ప్రశ్నకు చెందినది కాదు. పాఠకుడు ఏమి వెదుకుతున్నాడో ఆ లెక్కకు తెలియదు. వరిపైరుకు సోకిన తెగులు గురించి వెదికే రైతుకు, ఎనిమిది మార్కులున్న క్రీడల సైటు ఎందుకు? తెగులును చక్కగా వివరించిన మూడు మార్కుల పేజీయే అతనికి ముందుగా కనిపించాలి, కనిపించేది కూడా. ఫలితాల వరుసను నిర్ణయించే అనేక అంశాలలో ఇది ఒకటి మాత్రమేనని గూగుల్ చెబుతూనే వచ్చింది. పైగా టూల్‌బార్‌లో కనిపించే అంకె స్థూలమైనది. దానిని కొన్ని నెలలకొకసారి మాత్రమే సవరించేవారు. నిన్నటి అద్దంలో నేటి ముఖం చూసుకొన్నట్లుండేది.

ఇందుకు మన భాషే మంచి నిదర్శనం. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించింది. అయినా 2000 తరువాత కూడా కొన్నేళ్లపాటు మన దినపత్రికల సైట్లు అనేకం సొంత ఫాంట్లనే వాడుకొన్నాయి. తెరపై ‘వర్షం’ అని కనిపించినా, కంప్యూటరు లోపల ఉన్నది అర్థంలేని ఆంగ్లాక్షరాల, గుర్తుల గుంపు. శోధన యంత్రానికి అందేది ఆ గుంపే. పాఠకుడు తెలుగులో ‘వర్షం’ అని టైపుచేసి వెదికితే, ఆ ఉదయమే ఆ మాటను పతాకశీర్షికగా ప్రచురించిన పత్రిక సైతం దొరికేది కాదు. ఆ సైటుకు ఎంత పెద్ద మార్కు ఉన్నా ఒరిగేదేమీ లేదు. ఇటువంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు ‘పద్మ’ అనే ఉపకరణాన్ని భాషాభిమానం గలవారు తయారుచేశారు. అది చదివేవారి కష్టాన్ని తీర్చిందేగాని వెదికేవారి కష్టాన్ని తీర్చలేకపోయింది. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌లో ఉండటంవల్ల, అందులోని నాలుగు వాక్యాల వ్యాసమైనా తెలుగు మాటతో వెదికినవారికి చిక్కేది. ఆనాటి తెలుగు సైటు యజమాని ఆకుపచ్చ గీతను చూసి మురిసిపోవడానికి ముందు తన అక్షరాలను సరిచూసుకొని ఉంటే ఎంత మేలు జరిగేదో!

కంటికి కనిపించే అంకె ఏదైనా అంగడికెక్కక మానదు. ఎక్కువ మార్కులున్న సైటునుంచి ఒక లింకుకు ఇంత అని ధరలు పలికాయి. లింకు సిఫారసు కావడం మానివేసి సరుకైపోయింది. అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన సెర్చ్‌కింగ్ అనే సంస్థ ఈ వ్యాపారమే చేసింది. 2002లో తన మార్కు హఠాత్తుగా పడిపోగా, అది గూగుల్‌పై దావా వేసింది. 2003లో న్యాయస్థానం ఆ దావాను కొట్టివేస్తూ, ఈ మార్కు గూగుల్ వెలిబుచ్చే అభిప్రాయమని, అభిప్రాయానికి రాజ్యాంగ రక్షణ ఉన్నదని తేల్చింది. యజమానులు తులాభారమని నమ్మినది ఒక సంస్థ అభిప్రాయమని న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది! 2007 అక్టోబరులో లింకులు అమ్మే సైట్ల మార్కులను గూగుల్ మరొకసారి తగ్గించింది. మార్కు తగ్గినా తమ సైటుకు వచ్చేవారు తగ్గలేదని అప్పుడు కొందరు యజమానులే చెప్పారు.

ఈ వ్యాపారంలో నష్టపోయినది కొన్నవారే కాదు. ఎవరో ఒక గృహిణి తన వంటల గురించి రాసుకొన్న పేజీ కింద, వ్యాఖ్యల రూపంలో మందుల దుకాణాల, జూదగృహాల లింకులు రాత్రికి రాత్రే వందలుగా వచ్చి పడేవి. ఆ చెత్తను ఏరిపారవేయలేక పేజీని మూసివేసినవారున్నారు. ఇటువంటి లింకులను లెక్కలోకి తీసుకోనవసరం లేదని యంత్రానికి చెప్పే గుర్తును 2005 జనవరిలో ప్రవేశపెట్టారు.

అలాగని వరుస అనేదే అక్కరలేదనడం న్యాయం కాదు. చిన్న పట్టణంలో ఉంటూ అంతర్జాలం ద్వారా సరుకు అమ్ముకొనే వ్యాపారికి, ఫలితాల మొదటి పేజీలో ఉండటానికీ మూడవ పేజీలో ఉండటానికీ నడుమ ఒక జీవనాధారమే ఉంది. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పును అమలుచేసి, కృత్రిమంగా లింకులు కూడబెట్టిన సైట్లను వెనుకకు నెట్టినపుడు కొందరి ఆదాయం ఒక్కసారిగా పడిపోయింది. వారిలో ఎవరో చెప్పిన సలహా విని, ఏమి కొంటున్నారో తెలియకనే లింకులు కొన్న అమాయకులూ ఉన్నారు. వారిపై నాకు జాలి కలుగుతుంది. కాని వారిని ముంచినది మార్కు తక్కువ కావడం కాదు. మార్కుకోసం పడిన ఆరాటం. యోగ్యులు మనస్ఫూర్తిగా ఇచ్చిన లింకుకు నేటికీ విలువ ఉంది. పేజ్‌ర్యాంక్ ఎంతో మారిన రూపంలో గూగుల్ లోపల ఇంకా పనిచేస్తూనే ఉంది. యజమాని దానిని రోజూ చూసుకోవలసిన అవసరం మాత్రం ఏనాడూ లేదు.

గూగుల్‌కు కూడా ఆ సంగతి తెలియకపోలేదు. 2009లో యజమానులకోసం నడిపే తన సేవలోనుంచి ఆ అంకెను తొలగించింది. 2013 డిసెంబరు తరువాత టూల్‌బార్‌లోని అంకెలను సవరించలేదు. 2016లో వాటిని చూపడం పూర్తిగా మానివేసింది. ఇప్పుడు కొన్ని ప్రైవేటు సంస్థలు వెబ్‌సైట్లకు నూటికి ఇన్ని అని తమ సొంత మార్కులు వేస్తున్నాయి. ఫలితాల వరుసకు వాటితో సంబంధం లేదని గూగుల్ అంటున్నది. లింకులు అమ్మేవారి ప్రకటనలలో మాత్రం పాత అంకె ఉన్నచోట ఇప్పుడు ఆ కొత్త అంకె కనిపిస్తున్నది, పక్కనే ధరతో సహా.