భూకంపం చెప్పే భూగర్భ రహస్యం

కుండ కొనేవారు దానిని వేలితో తట్టి చూస్తారు. ఖంగుమని మోగితే గట్టి కుండ. బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్లు లెక్క. భూమి అంతర్భాగాన్ని గురించి మానవుడు సంపాదించిన జ్ఞానంలో అధికభాగం ఈ విధంగా లభించినదే. సోవియట్ శాస్త్రజ్ఞులు కోలా ద్వీపకల్పంలో తవ్విన అత్యంత లోతైన బోరుబావి 1989లో 12,262 మీటర్ల వద్ద ఆగిపోయింది. భూపటలానికి దిగువన మొదలై 2,900 కిలోమీటర్ల లోతువరకు వ్యాపించిన ప్రావారాన్ని ఆ బావి తాకనైనా లేదు. అంత లోతున తట్టి చూసే పనిని భూకంపమే చేస్తుంది. ఆ మోతను భూకంపలేఖిని వింటుంది.

జపాన్ శాస్త్రజ్ఞుడు కియో వదాతి, కొన్ని భూకంపాలు వందల కిలోమీటర్ల లోతున పుడుతున్నాయని 1928లో నిరూపించాడు. ఆ భూకంపాల నాభులు పసిఫిక్ వైపునుండి ఆసియా ఖండం వైపు పోయేకొద్దీ, ఏటవాలు తలం మీద అమర్చినట్లు, అంతకంతకు లోతున ఉన్నాయని 1935లో తెలియజేశాడు. టోంగా–కెర్మాడెక్ ప్రాంతంలోను, దక్షిణ అమెరికాలోను ఇట్టి అమరికనే అమెరికా శాస్త్రజ్ఞుడు హ్యూగో బెనియాఫ్ 1949లో వర్ణించాడు. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. అంత లోతున శిల వేడికి మెత్తబడి ఉండాలి. మెత్తని శిల విరిగి కంపించడం ఎట్లా?

సమాధానం దక్షిణ పసిఫిక్ దీవులలో దొరికింది. అమెరికాలోని లామాంట్ పరిశోధనాలయానికి చెందిన జాక్ ఆలివర్, బ్రయాన్ ఐజాక్స్ 1960వ దశకంలో టోంగా, ఫిజీ దీవులలో భూకంపలేఖినులను నెలకొల్పారు. వందల కిలోమీటర్ల లోతున పుట్టిన భూకంప తరంగాలు ఫిజీని చేరేసరికి నీరసించేవి. ముఖ్యంగా ద్వితీయ తరంగాలలోని శీఘ్ర కంపనాలు దారిలోనే అణగిపోయేవి. అవే భూకంపాల తరంగాలు ఏటవాలు మండలం వెంబడి పైకి ఎగబాకి టోంగాకు వచ్చినప్పుడు, ఆ శీఘ్ర కంపనాలు స్పష్టంగా నమోదయ్యేవి. అంటే ఆ దారిలో ఉన్నది చల్లని, గట్టి శిల. సుమారు 100 కిలోమీటర్ల మందం గల పలక ఒకటి ప్రావారంలోకి 700 కిలోమీటర్ల వరకు దిగిపోతున్నదని వారు 1967లో ప్రకటించారు. ఖండాలను, సముద్రతలాలను మోసే పలకలు కదులుతున్నాయన్న సిద్ధాంతానికి ఈ సాక్ష్యం గొప్ప బలాన్నిచ్చింది.

ఫిజీ వైపు తరంగాలు నీరసించడంలోనూ ఒక అర్థమున్నది. సముద్రం కింద ఉన్నప్పుడు పలక తన ఖనిజాలలో నీటిని ఇముడ్చుకుంటుంది. లోతుకు దిగి వేడెక్కినప్పుడు ఆ నీరు వెలువడి పైనున్న ప్రావారంలోకి చేరుతుంది. తడిసిన శిల తక్కువ వేడికే కరుగుతుంది. పాక్షికంగా కరిగిన శిలలో భూకంప తరంగాలు మందగిస్తాయి, బలహీనపడతాయి. ఆ కరిగిన శిలయే పైకి వచ్చి అగ్నిపర్వతమవుతుంది. 2022 జనవరి 15న టోంగాను వణికించిన విస్ఫోటనానికి మూలం ఇక్కడే ఉంది.

మునిగే పలక చుట్టూ ప్రావారం ఏ దిక్కుకు ప్రవహిస్తున్నదో కూడా తరంగాలే సూచిస్తాయి. ప్రావారశిలలో ప్రధానమైన ఆలివిన్ స్ఫటికాలు, వరద తీసిన పొలంలో వాలిన వరిదుబ్బులవలె, ప్రవాహాన్ని అనుసరించి ఒక వరుసకు వస్తాయి. వాటిగుండా సాగిన ద్వితీయ తరంగం రెండుగా చీలి, ఒకటి ముందు, ఒకటి వెనుకగా పైకి వస్తుంది. ఆ వ్యవధిని బట్టి, ముందు వచ్చిన తరంగం కంపించే దిశను బట్టి, శాస్త్రజ్ఞులు స్ఫటికాల వరుసను అంచనా వేస్తారు. టోంగా వద్ద ప్రావారం మునిగే పలకతో పాటు కిందికి ఈడ్వబడటమే కాక, సాగర అగాధానికి సమాంతరంగా కూడా ప్రవహిస్తుండవచ్చునని ఇట్టి కొలతలు 2001లో సూచించాయి.

ఇట్టి మునక భారతదేశానికి దూరపు సంగతి కాదు. అండమాన్ దీవుల కింద భారత పలకయే ఈ విధంగా దిగిపోతున్నది. 2004 డిసెంబరు 26న అక్కడ, సుమత్రా వద్ద, సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పలకల అంచు జారగా, లేచిన సునామీ ఆంధ్ర తీరాన్నీ తాకింది. భూకంపం ఏనాడు వస్తుందో ముందుగా చెప్పే విద్య నేటికీ లేదు. కాని భూకంప తరంగాలు సముద్ర తరంగాలకంటె ఎన్నో రెట్లు వేగంగా ప్రయాణిస్తాయి. 2007 నుండి హైదరాబాదులో పనిచేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం ఆ వేగాన్నే ఆసరాగా చేసుకొని, కెరటం తీరం చేరకముందే కబురు పంపుతుంది. ప్రావారపు లోతులను ఎరిగించిన తరంగాలే, ఒడ్డున వలలు ఆరవేసుకునే మత్స్యకారునికి పరుగెత్తడానికి కొంత వ్యవధినిస్తున్నాయి.