సైకిల్ స్పీడ్ చూసి మార్కులేయొద్దు!

'ఎలా సైకిల్ తొక్కుతారో, ఆఫీసులోనూ అలాగే పనిచేస్తారు' అనే మాట మీరూ ఎక్కడో వినే ఉంటారు. అందరినీ దాటుకుంటూ దూసుకెళ్లేవాడు లీడర్ అట. రోడ్డు పక్కకు ఒదిగి మెల్లగా వెళ్లేవాడికి ధైర్యం తక్కువట. ఒక్కడే తొక్కేవాడు టీమ్‌కు పనికిరాడట. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ గ్రూప్ డిస్కషన్‌లో మీకు ఎదురయ్యేది కూడా ఇలాంటి కొలతే. గట్టిగా మాట్లాడితే చురుకు, ఆలోచించి మాట్లాడితే మొద్దు! దీనికంటే ప్రమాదం ఏంటంటే, ఆ కొలతను మనకు మనమే పెట్టుకోవడం. 'నేను స్లో, నాకు ఐటీ సెట్ కాదు' అని అప్లై చేయడమే మానేసిన ఫ్రెండ్స్ మీ క్లాసులోనూ ఉంటారు.

ఇంజినీరింగ్ చదివి, టెక్ విషయాలు రాసుకునే నా అభిప్రాయం సూటిగా చెప్తా. సైకిల్ తొక్కే తీరులో మనిషి కనిపిస్తాడు, నిజమే. కానీ స్పీడ్‌లో కాదు.

ముందు రోడ్డును చూడండి

2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైన మూడు ఊళ్లను తీసుకుందాం. భూపాలపల్లి అంటే సింగరేణి గనులు, పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. వెనక నుంచి బొగ్గు లారీ హారన్ కొడితే సైకిల్ మీదున్నవాళ్లు తారు దిగి మట్టి మీదికి వెళ్తారు. దాన్ని పిరికితనం అంటామా? జనగామలో హైదరాబాద్-వరంగల్ హైవే దాటాలంటే ఆగాలి, రెండు వైపులా చూడాలి, సందు దొరికాకే తొక్కాలి. అది నిర్ణయం తీసుకోలేకపోవడమా? మానుకోటలో మిర్చి సీజన్‌లో బస్తాల ట్రాక్టర్ల మధ్య నుంచి వెళ్లేవాళ్లు బ్రేక్ మీద నుంచి చెయ్యి తీయరు. వాళ్లకు దూకుడు లేదని రాసేద్దామా?

ఇదే కుర్రాడిని హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ మీద వదలండి. తెరిచినప్పుడు 23 కిలోమీటర్లు, పైన సోలార్ పైకప్పు, లారీల గొడవ లేదు. రయ్యిమని పోతాడు. మనిషి అతనే, మారింది రోడ్డు.

ఎదుటివాళ్ల పరిస్థితిని పక్కనపెట్టి, అంతా వాళ్ల స్వభావమే అనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు. సోషల్ సైకాలజిస్ట్ లీ రాస్ 1977లో దీనికి 'ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్' అని పేరు పెట్టాడు. పేరు పెద్దదే కానీ సంగతి మనకు తెలిసిందే. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్‌లో మాట్లాడిన విద్యార్థి ఆ సోలార్ ట్రాక్ మీద ఉన్నాడు. సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి వచ్చిన విద్యార్థి లారీల రోడ్డు మీద ఉన్నాడు. ఇద్దరి స్పీడ్ పోల్చి 'ఇతనికి కాన్ఫిడెన్స్ లేదు' అనడం న్యాయం కాదు.

మరి సైకిల్ ఏం చెప్తుంది?

రోడ్డుతో సంబంధం లేకుండా, మన చేతిలో ఉన్నవి కొన్ని ఉంటాయి. నా దృష్టిలో అవి మూడు.

మొదటిది, చెడిపోకముందే చూసుకోవడం. పొద్దున బయల్దేరే ముందు టైరు నొక్కి చూసేవాళ్లు కొందరు. దారి మధ్యలో చైన్ పడితే గానీ సైకిల్ వైపు చూడనివాళ్లు ఇంకొందరు. ఆఫీసులో కోడ్‌ను పంపేముందు టెస్ట్ చేయడం, బ్యాకప్ తీసుకోవడం, చేసిన పనిని రాసిపెట్టడం ఈ కోవలోవే. వీటికి చప్పట్లు రావు. చేయని రోజున మాత్రం అందరికీ తెలుస్తుంది.

రెండోది, గుంపులో ఎలా ఉంటామన్నది. ముందు తొక్కేవాళ్లు ఎదురుగాలిని భరిస్తారు, వెనక ఉన్నవాళ్లకు శ్రమ తగ్గుతుంది. అందుకే కలిసి తొక్కేవాళ్లు వంతులు వేసుకుంటారు. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్‌లో లీడర్ కోసం గాలికి అడ్డంగా తొక్కుతూ, నీళ్ల సీసాలు మోసుకొచ్చే సభ్యులు ప్రతి టీమ్‌లో ఉంటారు. గెలిచినవాడి ఫొటో వెనక వాళ్ల కాళ్ల కష్టం ఉంటుంది. కాబట్టి చూడాల్సింది ఎవరు ముందున్నారని కాదు. తన వంతు వచ్చినప్పుడు ముందుకొస్తున్నారా, గుంత కనిపిస్తే వెనకవాళ్లకు చెయ్యి చూపిస్తున్నారా అన్నది చూడాలి. కొత్తగా చేరినవాళ్ల డౌట్ తీర్చడానికి పది నిమిషాలు ఇచ్చే సహోద్యోగిని ఏ టీమూ వదులుకోదు.

మూడోది, తన వేగం తనకు తెలియడం. 'బ్రెవే' అనే దూరప్రయాణాలు హైదరాబాద్‌లోనూ జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తిచేయాలి. ఇది రేసు కాదు, ఫస్ట్, సెకండ్ ఉండవు. లెక్కేస్తే గంటకు సగటున 15 కిలోమీటర్లు చాలు. మొదటి గంటలో ఊపు చూపించి మధ్యాహ్నానికి చతికిలపడేవాళ్లకంటే, తిండి, నీళ్లు, విశ్రాంతి లెక్క చూసుకుని సాగేవాళ్లకే అది అందుతుంది. ఆరు నెలల ప్రాజెక్టు కూడా అచ్చం ఇంతే.

ఇక్కడో జాగ్రత్త. చైన్‌కు తుప్పు పట్టిందంటే బద్ధకమే అనుకోవద్దు, ఆ నెల చేతిలో డబ్బుల్లేకపోవచ్చు. ఒక్కసారి చూసింది లెక్కలోకి రాదు, పదేపదే కనిపించేదే అలవాటు. ఇంట్లో వద్దన్నారని టెన్త్ తర్వాత సైకిల్ ఆపేసిన అమ్మాయిలూ ఉన్నారు. వాళ్ల ఓపిక పొలం పనిలోనో, కిరాణా కొట్టు లెక్కల్లోనో, తమ్ముడికి చదువు చెప్పడంలోనో కనిపిస్తుంది.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

రెజ్యూమేలో 'హాబీస్: సైక్లింగ్' అని ఒక్క మాట రాసి వదిలేస్తే దానివల్ల లాభం లేదు. 'సైక్లింగ్ వల్ల నాకు లీడర్‌షిప్ వచ్చింది సార్' అంటే అస్సలు నమ్మరు. పరిస్థితి, చేయాల్సిన పని, మీరు చేసింది, ఫలితం అనే నాలుగు మెట్లలో చెప్పండి. దీన్నే 'స్టార్' పద్ధతి అంటారు. ఉదాహరణకు:

'ఇంటర్‌లో రోజూ తండా నుంచి కాలేజీకి తొమ్మిది కిలోమీటర్లు సైకిల్ మీద వచ్చేవాడిని సార్. దారిలో పంక్చర్ షాపు లేదు. రెండుసార్లు ల్యాబ్ మిస్సయింది. ఇక అలా కాకూడదని పంక్చర్ వేయడం నేర్చుకుని, ప్యాచ్‌లు, పంపు వెంట పెట్టుకున్నాను. మా దారిలో వచ్చే నలుగురికీ నేర్పాను. ఆ తర్వాత సైకిల్ వల్ల ఎవరికీ ల్యాబ్ పోలేదు.'

ఇందులో పెద్ద పదం ఒక్కటీ లేదు. కానీ సమస్యను గుర్తించడం, పరిష్కరించడం, పక్కవాళ్లకు పంచడం అన్నీ ఉన్నాయి. మీ సంగతిని ముందు తెలుగులో ఐదు వాక్యాల్లో రాసుకోండి, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చి నాలుగైదుసార్లు పైకి చదవండి. జరగనిది మాత్రం కలపొద్దు. 'ప్యాచ్ ఎలా వేస్తారు?' అని రెండో ప్రశ్న పడగానే దొరికిపోతారు.

ఇంకో మాట. రేపు మీరే టేబుల్‌కు అవతలి వైపు కూర్చుంటారు. అప్పుడు ఎవరైనా మెల్లగా జవాబు చెప్తుంటే, 'స్లో' అని రాసేముందు వాళ్లు ఏ రోడ్డు మీదుగా వచ్చారో ఒక్క ప్రశ్న అడగండి.