పరారుణానికి సంధి విడదీస్తే

టీవీ రిమోట్ కొసన మినపగింజంత బల్బు ఒకటి ఉంటుంది. బటన్ నొక్కి ఎంత తేరిపార చూసినా అది వెలిగినట్టు కనబడదు. అదే సెల్‌ఫోన్ కెమెరా తెరిచి, ఎదురుగా రిమోట్ పట్టుకుని నొక్కితే తెర మీద లేత ఊదారంగులో మినుకుమినుకుమంటుంది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరా ఈ వెలుగును వడగట్టేస్తుంది, అప్పుడు సెల్ఫీ కెమెరాతో చూడాలి. ఏడో తరగతి పిల్లల చేతికి ఈ రెండూ ఇస్తే ముందు నవ్వుతారు, తర్వాత ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటారు, ఆ తర్వాత అడుగుతారు: ఫోనుకు కనబడింది మనకెందుకు కనబడలేదు?

విద్యుదయస్కాంత వర్ణపటం పాఠం ఆ ప్రశ్న దగ్గర మొదలవ్వాలి. చాలా తరగతి గదుల్లో అది గోడకు తగిలించిన చార్టు దగ్గర మొదలవుతోంది. రేడియో, మైక్రోవేవ్, పరారుణ, దృశ్య కాంతి, అతినీలలోహిత, ఎక్స్, గామా... ఏడు పేర్లూ ఎక్కాల్లా వల్లెవేయించి, తరంగదైర్ఘ్యం తగ్గే క్రమంలో రాయమంటే రాసేస్తారు.

పోనీ పేర్లయినా విప్పి చెబుతారా అంటే అదీ తక్కువే. పర, అరుణ కలిస్తే పరారుణ. తెలుగు పీరియడ్‌లో సవర్ణదీర్ఘ సంధి బట్టీ పట్టిన పిల్లవాడికి సైన్సు పీరియడ్‌లో ఆ సంగతి గుర్తుచేసేవారుండరు. అరుణమంటే ఎరుపు, ఎరుపుకు ఆవల ఉన్నది పరారుణం. రిమోట్ బల్బు వెలుగు అదే.

సరిగ్గా ఆ ఆవలే 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ థర్మామీటరు పెట్టాడు. పట్టకంతో ఎండను రంగులుగా విడగొట్టి, ఏ రంగులో ఎంత వేడి ఉందో కొలుస్తున్నాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట పాదరసం ఇంకా పైకెక్కింది. మరుసటి ఏడాదే జర్మనీలో రిట్టర్ అనే శాస్త్రవేత్త రెండో కొస పట్టుకున్నాడు: ఊదా అవతల, వెలుగే లేదనుకున్న చోట సిల్వర్ క్లోరైడ్ మరింత త్వరగా నల్లబడింది. హెర్షెల్ ప్రయోగానికి కావలసినవి గాజు పట్టకం, బుడ్డికి నల్లరంగు పూసిన మూడు నాలుగు థర్మామీటర్లు, నీడ కోసం ఒక అట్టపెట్టె. ఎండకైతే మన ఊళ్లలో కొదవే లేదు. పట్టకం కూడా చాలా బళ్లలో ఉంటుంది, బీరువాలో, తాళం వేసి.

హెర్షెల్ మొదట సంగీతకారుడు. ఆ దారిన వెళితే చార్టు చెప్పని సంగతి ఇంకొకటి చెప్పొచ్చు. స నుంచి పై స దాకా పౌనఃపున్యం రెట్టింపవుతుంది, అది ఒక స్థాయి. కంటికి కనబడే వెలుగు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్లు, అంటే ఒక్క స్థాయి కూడా నిండదు. హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్ నుంచి ఆసుపత్రి ఎక్స్‌రే దాకా లెక్కవేస్తే సుమారు 40 స్థాయిలు. అంత పొడుగు హార్మోనియంలో మనకు వినబడేది ఏడు స్వరాలు కూడా కాదన్నమాట. చార్టులో మాత్రం ఇంద్రధనుస్సు పట్టీ మిగతావాటంత వెడల్పుగా కూర్చుని ఉంటుంది!

తరంగదైర్ఘ్యాన్ని తాడుతో కొలిపించడం మరీ తేలిక. 101.9 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం తరంగం మూడు మీటర్లకు కాస్త తక్కువ, తరగతి గదిలోనే పరచవచ్చు. వైఫైది బెత్తెడున్నర. 1890లలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ పుట్టించినవి 5 మిల్లీమీటర్లు, కందిగింజంత. తిరుపతి దగ్గర గాదంకి రాడార్ ఆకాశంలోకి పంపేవి సుమారు 5.7 మీటర్లు. 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే హైదరాబాద్ కేంద్రం తరంగానికి మాత్రం 406 మీటర్ల తాడు కావాలి, అది బడి గేటు దాటి రోడ్డెక్కుతుంది. ఈ అయిదు తాళ్లూ లాగిన పిల్లలకు సైజుల వరస వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా చేయించడానికి సిలబస్ ఒత్తిడిలో టైమెక్కడిదని టీచర్లు అడుగుతారు. ఆ బాధ నిజమే. కానీ ఈ పాఠం చార్టుతోనే ముగిసిపోతే బయట వేరే రకం పాఠాలు తయారుగా ఉన్నాయి. టవర్ పెడుతున్నారంటే రేడియేషన్ అని వీధంతా గుమిగూడుతుంది. అదే వీధిలో పిల్లలు మిట్టమధ్యాహ్నం ఎండలో క్రికెట్ ఆడుతుంటే రేడియేషన్ మాట ఎవరి నోటా రాదు. సెల్ సిగ్నల్లో ఒక్కో ఫోటాన్ శక్తి కంటే ట్యూబ్‌లైటు వెలుగులో ఒక్కో ఫోటాన్‌ది లక్షల రెట్లు ఎక్కువ. టవర్ తరంగాలకు పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే సత్తువ లేదు, మోతాదు మించితే వేడెక్కించగలవు. చర్మం కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీయగలిగేది ఎండలోని అతినీలలోహితం. ఎక్స్‌రే గదిలో సీసపు ఏప్రాన్ ఎందుకో, మైక్రోవేవ్ తలుపుకు చిల్లుల జాలీ ఎందుకో పన్నెండేళ్ల బుర్రకు బాగానే ఎక్కుతుంది, వరస బట్టీ పట్టడంలో అలసిపోకపోతే.

ఇక ప్రశ్నపత్రం. క్రమంలో రాయండి అనే ప్రశ్న తీసేసి, ఆ మార్కులు దీనికి ఇవ్వొచ్చు: రిమోట్‌కూ టీవీకీ మధ్య స్టీలు కంచం అడ్డం పెడితే ఛానెల్ మారదు. అదే కంచాన్ని పక్కకు తెచ్చి, ఏటవాలుగా పట్టుకుని రిమోట్ దాని మీదికి గురిపెడితే మారుతుంది. ఎందుకు? ఇంట్లో చేసి చూసి రాయండి.