ఆగి ఉన్నా నమ్మొద్దు!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో పాత డీజిల్ ఇంజిన్లను హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసిన రైతులకు ఓ సంగతి తెలుసు. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే చెయ్యి విరుగుతుంది. అందుకే బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ బిగించరు, మిగతా వేళ్ల పక్కనే ఉంచుతారు.

చిన్న విమానాలదీ ఒకప్పుడు ఇదే తంతు. బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన, 1958లో తొలిసారి ఎగిరిన ‘పుష్పక్’ లాంటివాటిని ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి స్టార్ట్ చేసేవారు. అక్కడ పొరపాటు జరిగితే పోయేది వేలు కాదు, ప్రాణం.

స్విచ్ ఆపేశాం కదా అన్న ధీమా పనికిరాదు. ఈ ఇంజిన్లలో నిప్పురవ్వ పుట్టించేది బ్యాటరీ కాదు, మ్యాగ్నెటో. స్విచ్ నుంచి దానికి వెళ్లే తీగ తెగితే తాళంచెవి పైలట్ జేబులో ఉన్నా సరే, ప్రొపెల్లర్‌ని కాస్త కదిపితే ఇంజిన్ అందుకోవచ్చు. అందుకే చక్రాలకు అడ్డు పెట్టాలి. లోపల పని తెలిసిన మనిషి బ్రేకు తొక్కి కూర్చోవాలి. స్టార్టర్ ఉన్న విమానమైనా, పైలట్ ‘క్లియర్’ అని గట్టిగా అరిచి, చుట్టూ చూశాకే తాళం తిప్పాలి.

పెద్ద విమానాల దగ్గరా ముప్పు ఉంది. 2015 డిసెంబరు 16న ముంబయిలో, హైదరాబాద్‌కు బయల్దేరుతున్న విమానం ఇంజిన్ ఓ టెక్నీషియన్‌ను లోపలికి లాగేసుకుంది.

పుట్టపర్తిలో 1990లో విమానాశ్రయం వచ్చాక ఈ ప్రాంతానికి చిన్న విమానాలు కొత్త కాదు. ఎక్కేవాళ్లయినా, సాగనంపేవాళ్లయినా ప్రొపెల్లర్ ముందు నుంచి నడవకూడదు. పిల్లల చెయ్యి వదలకూడదు. వేగంగా తిరిగే ప్రొపెల్లర్ కంటికి ఆనదు మరి!