సంపాదకుని మాట: చెరిగిన రెండంకెలు

బండి ఆత్మకూరునుండి తెల్లవారకమునుపే బస్సెక్కి నంద్యాలకో, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయమునకో చదువబోవు ఆడపిల్లకు, తల్లి కట్టి యిచ్చిన సద్దితోపాటు, తనకు అవమానము జరిగిననాడు ఎవరి గడప త్రొక్కవలెనో కూడ తెలిసియుండవలెను.

పనిచోట స్త్రీలపై జరుగు లైంగికవేధింపులనుగూర్చి 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు (అది మన విశాఖపట్టణము కాదు, రాజస్థానమునందలి మహిళాసంస్థ నామము) పాదుకొల్పిన ధర్మము 2013 చట్టముగను, యు.జి.సి. 2015 నిబంధనలుగను పరిణమించి, ప్రతి ఉన్నత విద్యాసంస్థయందును స్త్రీ అధ్యక్షతన ఫిర్యాదుల సంఘముండవలెననియు, విచారణ 90 దినములలో ముగియవలెననియు శాసించినది. నిందితుడు అధ్యాపకుడైనచో ఫిర్యాదు చేసిన విద్యార్థిని జవాబుపత్రము దిద్దకుండ అతనిని నివారింపవచ్చును. ఆమెకు మూడు మాసములవరకు సెలవు నీయవచ్చును. ఈ సంగతి ఎందరు బిడ్డలకు తెలియును?

నేనొకచోట చూచిన నోటీసుబోర్డుమీద ఆ సంఘసభ్యుల కాగితము ఎండకు వెలిసి, ఫోను నంబరులో కడపటి రెండంకెలు చెరిగియుండెను. వణకుచేతితో ఆ నంబరు నొక్కబోయిన పిల్ల, ఆ రెండంకెలను ఎవరి నడుగవలెను?